తూటా అడుగున ఎర్ర గీత

పొద్దున్నే సహస్రనామం చదివేటప్పుడు, చదువుతున్నది తానా, తన నాలుకా అనే అనుమానం వీరరాఘవరావుకి చాలా ఏళ్ళుగా ఉంది. ఒక్కోరోజు చివరి శ్లోకానికి వచ్చాక గానీ, మొదలుపెట్టిన సంగతే గుర్తుండేది కాదు. నాలుక వెయ్యి పేర్లూ తప్పు లేకుండా పలికేసేది. మనసు మాత్రం ఆ అరగంటా అజ్మాన్ నుంచి సజ్జా దాకా ట్రాఫిక్‌లో తిరిగొచ్చేది. అలా చదివింది దేవుడికి చేరుతుందా అని ఒకసారి భార్య సత్యకుమారిని అడిగాడు. "చేరకపోతే మానేస్తారా ఏంటి?" అంది ఆవిడ. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ మంగళవారం ఉదయం, షార్జాలో సజ్జా దాటాక ఎడారి అంచున ఉన్న షూటింగ్ క్లబ్ ఆఫీసులో, అదే ప్రశ్నని ఇంకొకడి మీదికి విసిరాడు.

"టిక్కులు నీ చెయ్యి పెట్టిందని కాగితంలో కనపడుతోంది. తూటాల్ని నీ కళ్ళు చూశాయా? అది చెప్పు ముందు."

ఎదురుగా నిలబడ్డ వెంకట్రాములు తల వంచుకున్నాడు. నలభై దాటిన మనిషి, జగిత్యాల వైపు పల్లె. ఆరేళ్ళుగా క్లబ్ స్టోరులో తూటాలు తనిఖీ చెయ్యడం అతని పని. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి తూటానీ కాల్చే ముందు చేత్తో తీసి చూడాలి. ఇత్తడి తొడుగు మీద సొట్ట ఉందా, మెడ దగ్గర సన్నటి పగులు ఉందా, ముందుండే గుండు లోపలికి నొక్కుకుపోయిందా, అడుగున ఉండి మందుకి నిప్పు రాజేసే ప్రైమర్ ఎత్తుగా గానీ వంకరగా గానీ కూర్చుందా. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎర్ర డబ్బాలో పడెయ్యాలి.

మొన్న ఆదివారం పది నలభైకి, అతను చూసి పంపిన డబ్బాలోంచే ఏడో తూటా పేల్చినప్పుడు రైఫిల్ గొట్టం చీలిపోయింది. కోచ్ రమీజ్ ఎడమ అరచెయ్యి ఛిద్రమైంది. కుడి కంటికి కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో గురువారం చెప్తామన్నారు డాక్టర్లు. తప్పు వెంకట్రాములుదని తేలితే పోలీసు కేసు, ఆ పైన జైలు. క్లబ్బుకి కాపలా కాసే సెక్యూరిటీ కంపెనీలో ఇన్వెస్టిగేషన్ ఆఫీసరు వీరరాఘవరావు. ఇక్కడికి రాకముందు పదిహేనేళ్ళు ఇండియాలో ఆర్మీ ఆయుధ డిపోలో చేసినవాడు. ఈ మధ్యాహ్నానికల్లా రిపోర్టు తన బల్ల మీద ఉండాలని క్లబ్ మేనేజరు ముదీర్ చెప్పాడు.

"చూసిన సార్. ఒక్కొక్కటి చేతులకు తీస్కొని చూసిన," అన్నాడు వెంకట్రాములు.

కిటికీ దగ్గర కుర్చీలోంచి చిన్న నవ్వు వినపడింది. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయరు శ్యాంప్రసాద్. కాకినాడ మనిషి. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఒళ్ళో ఫైలు తెరిచాడు.

"తొమ్మిది యాభై మూడుకి మొదలు, పది రెండుకి ఆఖరు. పది డబ్బాలు, రెండు వందల తూటాలు, తొమ్మిది నిమిషాలు. అంటే తూటాకి మూడు సెకన్లు కూడా లేవు. ఏం రాములూ, చూశావా, ఊదేశావా?"

"ముందటి దినం సాయంత్రమే చూసిన సార్. ఫారం మీద పొద్దటి టైమే రాయాలంటరు, అందుకే పొద్దుగాల టిక్కులు పెట్టిన."

"అంటే ఫారం మీద టైము అబద్ధం. రాసుకోండి రావుగారూ, ఒప్పుకున్నాడు."

"నేను రాసుకోవాల్సింది నాకు తెలుసు," అన్నాడు వీరరాఘవరావు. కానీ కోపం శ్యాంప్రసాద్ మీద చూపించలేక వెంకట్రాములు మీద చూపించాడు. "పోనీ ముందురోజు చూశావే అనుకుందాం. తేడా ఏమీ కనపడలేదా? అవతల ఒక మనిషి కన్ను పోతోందయ్యా! నువ్విక్కడ నోరు కుట్టుకుని నిలబడ్డావు."

వెంకట్రాములు మొదటిసారి తలెత్తి నేరుగా చూశాడు.

"మీకు ఎర్కే గద సార్."

"నాకేం తెలుసు?"

"ఏం లేదు సార్." మళ్ళీ తల దించేశాడు.

పదిహేడేళ్ళుగా మనుషుల్ని ప్రశ్నిస్తున్న వీరరాఘవరావుకి ఆ చూపు బతిమాలుకోవడంలా కనపడింది. మన భాష వాడివి, కాపాడు అన్నట్టు. చిరాకేసింది. "నువ్వు గుమ్మం దగ్గరే ఉండు. దేన్నీ ముట్టుకోకు," అని లేచాడు.

"పొద్దున్నే ఎర్రగా బొట్టు పెట్టుకొచ్చి, పాపం, గరీబువాణ్ణి నిలబెట్టి వాయిస్తున్నారు," అన్నాడు శ్యాంప్రసాద్, వెనకే నడుస్తూ. "నాకైతే ఆ మొహమాటం లేదనుకోండి. నేను బొట్టు పెట్టుకోను."

స్టోరులో బల్ల మీద సీలు వేసిన కవరు ఉంది. ప్రమాదం జరిగిన డబ్బా అది. ఇరవైలో ఏడు కాల్చగా పదమూడు మిగిలాయి. ఇద్దరూ సంతకాలు పెట్టి, సీలు చించారు. గుండ్లు కిందికి, ఇత్తడి అడుగులు పైకి ఉండేలా ప్లాస్టిక్ అరలో బారుగా గుచ్చి ఉన్నాయి తూటాలు. వీరరాఘవరావు కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే తీశాడు.

సొట్టలు లేవు. మెడలు శుభ్రంగా ఉన్నాయి. పొడుగు కొలిచే గేజులో పదమూడూ సరిగ్గా కూర్చున్నాయి. చూపుడు వేలితో అడుగున తడిమితే ప్రైమర్లు అంచుకి సమంగానే ఉన్నాయి. తూకం వేస్తే, తేడా తూకం ముల్లుకి కూడా తెలియనంత.

"నేను ఇదే చెప్తున్నా. సరుకులో లోపం లేదు. రమీజ్ ఏమన్నాడు?" అడిగాడు శ్యాంప్రసాద్.

"ఆస్పత్రిలో నిన్న మాట్లాడాను. రైఫిల్‌లో తూటా ఎక్కించే బోల్ట్ వేగంగా ఎలా లాగాలో మెంబర్లకి చూపిస్తున్నాడు. పక్క లేన్లలో కాల్పులు. చెవులకి మఫ్‌లు. ఆరో తూటాకి రైఫిల్ భుజాన్ని తన్నడం తగ్గినట్టు అనిపించిందట, కానీ చెయ్యి ఆగలేదు. అలవాటుగా లాగి ఏడోది పేల్చాడు."

"అంటే ఆరోది సగమే పేలింది. గుండు గొట్టంలో ఇరుక్కుంది. దాని వెనకాల ఏడోది. గొట్టం చీలింది. అంతేగా?"

"అంతే. ఆరోది సగమే ఎందుకు పేలిందన్నదే ప్రశ్న." వీరరాఘవరావు గుండు ఊడదీసే ప్లాస్టిక్ సుత్తి అందుకున్నాడు. "ఒకటి విప్పుతున్నాను. మీకు సమ్మతమేనా?"

"విప్పండి. మీ గొయ్యి మీరే తవ్వుకుంటానంటే నాదేం పోయింది?"

నాలుగు దెబ్బలకి గుండు ఊడింది. తొడుగుని తెల్లకాగితం మీద బోర్లించాడు. మామూలుగా మందు గలగలా ఇసుకలా రాలాలి. పైన ఉన్నది రాలింది. అడుగున ఉన్నది రాలలేదు. అగ్గిపుల్లతో గీకితే తడిసిన పంచదారలా ముద్దగా వచ్చింది.

శ్యాంప్రసాద్ ముందుకి వంగాడు. "నూనె! ఖలాస్. మీవాడు గన్ ఆయిల్ చేతుల్తో తూటాలు ముట్టుకున్నాడు. అది ప్రైమర్ పక్కనుంచి లోపలికి దిగింది. నెగ్లిజెన్స్."

వీరరాఘవరావు కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గన్ ఆయిల్ వాసన ముప్ఫై ఏళ్ళ పరిచయం. ఇది అది కాదు. ఇది వంటింటి వాసన. నువ్వుల నూనె.

పక్కనే ఇంకో తూటా తీసి అడుగుభాగం దీపం కిందికి తిప్పాడు. ప్రైమర్‌కీ ఇత్తడికీ మధ్య వెంట్రుకంత సందులో ఎర్రటి గీత, గుండ్రంగా. ఇందాక చూసినప్పుడు కనపడనంత సన్నం.

"అది లక్కరండీ," అన్నాడు శ్యాంప్రసాద్. "తడి దిగకుండా ఫ్యాక్టరీలోనే పూస్తారు. నేను మీలాగ డిపోలో చెయ్యలేదు గానీ ఆ మాత్రం చదువుకున్నాను."

"పూస్తారు, నిజమే. కొన్ని ఫ్యాక్టరీలు." వీరరాఘవరావు అలమరలోంచి అదే లాట్ నంబరుతో ఇంకా విప్పని డబ్బా తీసి తెరిచాడు. ఇరవైలో ఒక్కదానికీ గీత లేదు. ఇంకోటి తెరిచాడు. లేదు. ప్రమాదం తర్వాత ఆ లాట్ మొత్తాన్ని ఆపేసి పక్కన పెట్టారు. ఆ వరసలో ముందే సీలు విప్పి ఉన్న డబ్బా ఒకటుంది. అది తెరిస్తే, ఇరవైకి ఇరవైటికీ గీత ఉంది.

"ఫ్యాక్టరీ ఒక డబ్బాకి పూసి, ఒక డబ్బా మానేస్తుందా శ్యాంప్రసాద్ గారూ?"

శ్యాంప్రసాద్ ఆ డబ్బా అందుకుని దీపం కిందికి తిప్పి చూశాడు.

అప్పుడే దౌలత్‌బీ ట్రే పట్టుకుని వచ్చింది. క్లబ్బులో శుభ్రం చేసేదీ, టీలు పెట్టేదీ ఆవిడే. రాజోలు దగ్గర మనిషి. "రావుగారండీ, పొద్దున్నుంచీ ఏం తాగలేదు మీరు. పాలు లేకుండా సులేమానీ టీ తెచ్చానండి, నిమ్మచెక్క వేరే పెట్టాను," అంది. బల్ల మీద పరిచిన తూటాలని చూసి ఆగింది. "అయ్యో, వీటినేనా అండి, ఆ రోజు రాములన్న పాత బనీనుతో తుడిచి తుడిచి పెట్టింది? నేనే తెచ్చిచ్చానండి బనీను. ఎర్రగా అయిపోయి పారేశాను."

"ఏ రోజమ్మా?"

"పండగ మర్నాడండి," అంది దౌలత్‌బీ. అనేసి, ఎందుకన్నానా అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్యాంప్రసాద్ వైపోసారి చూసి, గబగబా వెళ్ళిపోయింది.

వీరరాఘవరావు చెయ్యి నిమ్మచెక్క దగ్గర ఆగింది. అగ్గిపుల్లకి దూది చుట్టి, ఎర్ర గీత మీద రాసి చూశాడు. దూదికి ఎరుపు అంటింది. ఎండిపోయిన లక్కరు అంటదు. ఆ ఎర్ర దూది మీద నిమ్మచెక్క పిండాడు, రెండు చుక్కలు.

ఎరుపు కరిగి పసుపు అయింది.

కొన్న కుంకుమ ఉత్త రంగు. అది నిమ్మకి మారదు. పసుపులో సున్నం కలిపి ఇంట్లో చేసిన కుంకుమ ఒక్కటే పులుపు తగిలితే తిరిగి పసుపవుతుంది. సత్యకుమారి దసరాకి ముందు రెండు రోజులు వంటింటి తలుపు వేసుకుని ఆ కుంకుమ చేస్తుంది. కొన్నది దేవుడికి పెట్టనివ్వదు.

చేతిలోని నిమ్మచెక్కని బల్ల మీద పెట్టేశాడు.

మూడు వారాల కింద, దసరా రోజు. ఇదే గది, ఇదే బల్ల. స్టోరులోనూ మెయింటెనెన్సులోనూ చేసే మనవాళ్ళు అడిగారు, ఆయుధ పూజ చేయించమని. మంత్రాలు వచ్చినవాడు తానొక్కడే. ముదీర్‌ని అడిగితే వద్దంటాడేమోనని అడగలేదు. రైఫిళ్ళు బారుగా పెట్టారు. వాటి ముందు మూడు డబ్బాల తూటాలు. అడుగులు పైకి ఉన్న ఇత్తడి బిళ్ళలు చిన్న చిన్న నుదుళ్ళలా కనపడితే, కుంకుమ నువ్వులనూనెలో తడిపి, అరవై నుదుళ్ళకీ అరవై బొట్లు పెట్టాడు. శిక్షణకి వాడే, మందు లేని ఉత్త తూటాలు అనుకున్నాడు. అడగలేదు. నోరు శ్లోకం చెప్తోంది, వేలు బొట్టు పెడుతోంది. అయ్యాక అందరికీ తనే చెప్పాడు: "ఈ సంగతి బయట పొక్కకూడదు. ఎవరడిగినా నోరెత్తకండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి రెండు రోజులుగా ఆ మాటకే కట్టుబడి ఉన్నాడు. మీకు ఎర్కే గద సార్!

"ఏమైంది?" అన్నాడు శ్యాంప్రసాద్. "పసుపు అయిందేంటి? ఏంటది?"

ఒక అబద్ధం తయారుగా నోటి చివరిదాకా వచ్చింది. ఫ్యాక్టరీ రంగే, లాట్‌లో లోపం అంటే సరిపోతుంది. కాగితాలు ఫ్యాక్టరీకి పోతాయి, ఏళ్ళు పడుతుంది. పదిహేడేళ్ళ ఉద్యోగం, వీసా, అజ్మాన్‌లో ఇల్లు, అన్నీ ఉంటాయి. వెంకట్రాములు కూడా బయటపడతాడు. ఎవరికీ నష్టం లేని అబద్ధం. వీరరాఘవరావు తన నోరు తెరుచుకోవడం తనే గమనించాడు.

అరవై బొట్లు. ఇక్కడ రెండు డబ్బాలే ఉన్నాయి.

"రాములూ!" గుమ్మం వైపు తిరిగి అరిచాడు. "ఆ రోజు మూడు డబ్బాలు గదా. మూడోదేది?"

వెంకట్రాములు శ్యాంప్రసాద్‌ని చూసి, వీరరాఘవరావుని చూశాడు. "చెప్పాల్నా సార్?"

"చెప్పవయ్యా, నేను అడుగుతున్నాను!"

"అది వేరే లాట్ సార్. నీలం డబ్బ. కుంకుమ తుడిచి, మంచిగ చూసి, అల్మరలనే పెట్టిన. నూనె లోపల్కి దిగుతదని నాకు తెల్వది సార్, ఒట్టు. పైకి తళతళ మెరుస్తుండె."

వీరరాఘవరావు ఇష్యూ రిజిస్టరు లాక్కున్నాడు. వెంకట్రాముల్ని పక్కన పెట్టాక తాళాలు తన దగ్గరే ఉన్నాయి. ఈ ఉదయం, ఆపెయ్యకుండా వదిలిన లాట్ల నుంచి ఒకే ఒక్క డబ్బా బయటికి వెళ్ళింది. తొమ్మిది నలభైకి, నీలం డబ్బా, నాలుగో లేను. 'తనిఖీ చేయబడినది' అన్న గడిలో టిక్కు. పక్కన సంతకం: వీరరాఘవరావు.

మూత తెరిచిన గుర్తు కూడా లేదు అతనికి.

గోడ గడియారం పదకొండు ఎనిమిది చూపిస్తోంది. పదింటి నుంచి పాఠం, పదకొండుకి కాల్పులు మొదలు.

యాభై నాలుగేళ్ళ మనిషి అలా పరిగెత్తగలడని శ్యాంప్రసాద్ అనుకోలేదు. వరండా దాటుతూనే వీరరాఘవరావు వాకీటాకీలో అరిచాడు. అటువైపు గరగర. ఎవరూ పలకలేదు. కాల్పుల హాలు తలుపు తోసుకుని లోపలికి దూకి, గోడ మీది ఎర్ర బటన్‌ని అరచేత్తో గుద్దాడు. సైరన్ మోగింది. లేన్ల మీద దీపాలు ఎర్రబడ్డాయి.

"వేలు తియ్యండి! ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యండి!"

నాలుగో లేన్‌లో పద్మజ అనే మెంబరు ఉలిక్కిపడి రైఫిల్ మీదనుంచి చేతులు తీసేసింది. షార్జాలో పళ్ళ డాక్టరు ఆవిడ. రమీజ్ బదులు వచ్చిన కోచ్ రెండో లేన్‌లో ఎవరికో బెల్టు సర్దుతున్నాడు.

"ఏమైందండీ? భయపెట్టేశారు! ఇందాక ఒకటి సరిగ్గా పేలలేదు, పుస్సుమంది. బోల్ట్ లాగి ఇంకోటి పెట్టుకున్నాను. తప్పా?"

వీరరాఘవరావు బోల్ట్ తెరిచి, కొత్త తూటాని బయటికి తీశాడు. గొట్టం శుభ్రం చేసే ఇనుప కడ్డీ తెచ్చి మూతిలోంచి దించాడు. మూరెడు దిగింది. టక్ మని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. కదల్లేదు.

వెనకాల వగరుస్తూ నిలబడ్డ శ్యాంప్రసాద్ ఆ కడ్డీ వంకే చూస్తున్నాడు. "గుండు లోపలే ఉంది," అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

పావుగంట తర్వాత ముదీర్ గదిలో వీరరాఘవరావు నిలబడే చెప్పాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. దసరా, అనుమతి అడగకపోవడం, నూనె, కుంకుమ, నోరెత్తవద్దని తను చెప్పిన మాట, ఈ ఉదయం చూడకుండా పెట్టిన టిక్కు. తనకి వచ్చిన హిందీలో ఒక్కొక్కటే చెప్పాడు. పూజ సంగతి చెప్పేటప్పుడు, తన దేవుణ్ణి తనే వీధిలోకి లాగి అల్లరిపెట్టినట్టు అనిపించింది. దేవుడిదేమీ తప్పు లేదని చెప్పాలనిపించింది కానీ, ఆ మాట ఆ గదిలో ఎవరికి కావాలి?

ముదీర్ తెల్లకాగితం, కలం ముందుకి జరిపాడు. "పోలీసులు పన్నెండున్నరకి వస్తారు. ఆ రోజు ఆ గదిలో ఎంతమంది ఉన్నారు? పేర్లు రాసివ్వు."

"చేసింది నేను. చెప్పింది నేను. పేర్లు రాయను సార్."

"అది నీకు ఇంకా చెడుపు చేస్తుంది."

"తెలుసు."

బయటికి వచ్చాక శ్యాంప్రసాద్ వరండాలో పట్టుకున్నాడు. "రావుగారూ, ఇందాక ఒక్క నిమిషం మీరు ఆగారు. ఏదో చెప్పబోయి ఆగారు. నేను చూశాను."

"చూసే ఉంటారు. అబద్ధం చెప్పబోయాను."

"నా రిపోర్టులో వెంకట్రాములు పేరు కొట్టేస్తున్నాను. మీది రాయక తప్పదు."

"రాయండి. రమీజ్ కంటి సంగతి ముందు రాయండి, నాది తర్వాత."

శ్యాంప్రసాద్ ఫోను చెవికి పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయాడు.

వెంకట్రాములు స్టోరు గుమ్మంలోనే ఉన్నాడు. పొమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి కదల్లేదు. వీరరాఘవరావుకి అతని మొహం చూడ్డం కష్టమైంది. నిలబెట్టి అడిగిన ప్రతి మాటా ఇప్పుడు చెవిలో పడుతోంది.

"నువ్వు నా పేరు చెప్పేసి ఉంటే నీకీ బాధ ఉండేది కాదు గదయ్యా. ఎందుకు చెప్పలేదు?"

"మీరే వద్దంటిరి గద సార్," అన్నాడు వెంకట్రాములు, అందులో అడగడానికేముంది అన్నట్టు. "మీరే అడిగేటాలకు, ఇది వేరే లెక్కేమో, పైకి అట్ల అడుగుతున్నరేమో అనుకున్న. గని నూనెతోటే ఇదంత అయిందని నాకు నిజంగ తెల్వది సార్. తెలుస్తే చెప్పకపోదునా? రమీజ్ భాయ్ కన్ను సార్ అది."

వీరరాఘవరావు స్టోరులోకి నడిచి బల్ల దగ్గర ఆగాడు. తర్వాత, "నీ కాగితం ఎక్కడుంది?" అని అడిగాడు.

"ఏ కాయితం సార్?"

"సర్టిఫికెట్. తూటాల తనిఖీ పనిలో అనుభవం ఉందని నేను సంతకం చెయ్యాల్సింది. పెద్ద కంపెనీలో ఇన్‌స్పెక్టరు పోస్టుకి పెట్టుకుంటానన్నావు. రెండేళ్ళ నుంచి వస్తున్నావు దానికోసం. వచ్చే వారం, వచ్చే వారం అని తిప్పుతున్నాను."

వెంకట్రాములు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత లోపలికి పోయి, తన లాకరులోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. మడతల దగ్గర కాగితం చివికింది. "ఇప్పుడు మీరు ఈ లొల్లిల ఉన్నరు సార్. తర్వాత చేద్దురు గని."

"పన్నెండున్నర దాటితే నా సంతకం చెల్లదు."

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. చెప్పిన టైము కంటే ముందే వచ్చారు. వీరరాఘవరావు బల్ల మీద ఉన్న నిమ్మచెక్కనీ దూదినీ పక్కకి జరిపి, కాగితం పరిచి, సంతకం పెట్టాడు. సొరుగులోంచి ముద్ర తీసి, ఊపిరి బిగపట్టి నొక్కాడు.

"తారీఖు గూడ ఎయ్యిన్రి సార్," అన్నాడు వెంకట్రాములు మెల్లగా.

తారీఖు వేసి, కాగితం అతని చేతిలో పెట్టి, మెడలోని ఐడీ కార్డు తియ్యడం మొదలుపెట్టాడు.